వాక్యం రాయమని అడిగే వైద్యం: తొండియార్‌పేట డైరీ

జూలై 20, 2025, ఆదివారం

మద్రాసు తొండియార్‌పేటలోని తెలుగు పిల్లలకు వచ్చే నెల ఒక శాస్త్రవేత్త గురించి చెప్పాలి. ఈసారి ఇవాళ పనిచేస్తున్న మనిషి గురించి చెబుదామనుంది. సత్త్వ నీలాపు పేరు అనుకున్నాను. హ్యూస్టన్‌లో ఎం.డి. ఆండర్సన్ క్యాన్సర్ సెంటర్‌లో లింఫోమా అనే క్యాన్సర్‌కు వైద్యుడు, ప్రొఫెసర్. ఇంటిపేరు మన తెలుగిళ్ళలో వినేదే. రోగి ఒంట్లోని రక్షణ కణాల చేతనే క్యాన్సర్‌ను చంపించే వైద్యం ఇమ్యునోథెరపీ. అందులో గత ఇరవై ఏళ్ళ కథ చెప్పాలంటే ఆయన పేరు రాక తప్పదు.

ఆ సభ ఏర్పాట్లు చూసే కార్యదర్శిగారు ఫోన్ చేసి, "ఎన్ని పేపర్లు రాశారమ్మా, అవార్డులేమైనా ఉన్నాయా? పోస్టర్‌లో వేయాలి" అన్నారు. పిల్లల్ని రప్పించాలంటే పోస్టర్ కావాలి, నిజమే. చూసి చెబుతానన్నాను.

జూలై 22, మంగళవారం

పేపర్లు లెక్కబెట్టడానికి ఒక పద్ధతి ఉంది. 2005లో హోర్హే హిర్ష్ అనే భౌతిక శాస్త్రవేత్త పెట్టిన హెచ్-ఇండెక్స్. ఒకరిది 50 అంటే, ఆయన పేపర్లలో 50 పేపర్లను ఒక్కొక్కదాన్నీ తక్కువలో తక్కువ 50 సార్లు ఇతరులు ఉదహరించారని అర్థం. ఉద్యోగాలకు, గ్రాంట్లకు దీన్నే చూస్తారు. ఒకరి పనిని తోటి శాస్త్రవేత్తలు ఎంత వాడుకున్నారో దీనివల్ల కొంత తెలుస్తుంది.

వార్డులో రాత్రి డ్యూటీ చేసే సిస్టర్ మాత్రం ఏ పేపర్నీ ఉదహరించదు. అందులో ఉన్నది చేస్తుంది. ఆ చేయడం ఏ లెక్కలోకీ రాదు. పిల్లలకు చెప్పాల్సింది ఇక్కడే ఎక్కడో ఉందనిపిస్తోంది.

జూలై 25, శుక్రవారం

తమిళుల ఆడి మాసపు శుక్రవారం. సందులో మైకు పాట ఆగేదాకా చదవడం కుదరలేదు. మధ్యాహ్నం కూర్చుని 2017 నాటి రెండు పేపర్లు పక్కపక్కన పెట్టుకున్నాను.

మొదటిదాని పేరు స్కాలర్-1. పెద్ద బి-కణ లింఫోమా వచ్చి, కీమోకు లొంగకుండా మొండికేసిన 636 మంది వివరాలు పోగుచేశారు. అప్పటికి ఉన్న మందులతో జబ్బు పూర్తిగా కనబడకుండా పోయినవాళ్ళు నూటికి ఏడుగురే. సగం మంది 6.3 నెలలకు మించి బతకలేదు. రాసినవాళ్ళలో నీలాపు ఒకరు.

రెండోది జూమా-1. దీనికి ఆయనే మొదటి రచయిత. అదే రకం మొండి జబ్బుతో ఉన్న 101 మందికి కార్-టీ వైద్యం చేశారు. అంటే రోగి ఒంట్లోని టీ-కణాలు అనే రక్షణ కణాలను మార్చి తిరిగి ఎక్కించడం. 82 శాతం మందిలో గడ్డలు కరిగాయి. 54 శాతం మందిలో జబ్బు ఆనవాలే లేకుండా పోయింది. ఐదేళ్ళ తర్వాతి లెక్క 2023లో వచ్చింది. 42.6 శాతం మంది బతికే ఉన్నారు.

చాలామంది ఏడాది తిరక్కుండా పోయే జబ్బులో నూటికి నలభై మందికి పైగా ఐదేళ్ళు దాటారు! ఈ మాట చదివాక కాసేపు ఇంకేమీ చదవబుద్ధి కాలేదు.

ఇంకొకటీ గమనించాను. కొత్త మందు పనిచేసిందని చెప్పేముందు పాత మందులు ఎంతవరకు పనిచేశాయో నిజాయితీగా లెక్క రాసి పెట్టుకున్నారు. స్కాలర్-1 లేకపోతే జూమా-1 అంకెలకు విలువ కట్టడం కష్టమయ్యేది. మొదటి లెక్కకు వార్తాపత్రికలో పెద్ద అక్షరాలు పడవు. రెండో లెక్క నిలబడింది దాని మీదే.

జూలై 27, ఆదివారం

మారియమ్మ గుడి దగ్గర కూళు పోస్తున్నారు. రాగి అంబలి, పచ్చి ఉల్లిపాయలు, మునగాకు. అమ్మవారు పోస్తే వేపమండలు కట్టి, కాపాడమని మొక్కుకున్న కాలం నాటి ఆచారం. ఆ భయం మా పేటకు బాగా తెలుసు. మద్రాసుకంతటికీ అంటురోగాల ఆసుపత్రి ఇక్కడే ఉంది. కలరా అన్నా, కోరింత దగ్గు అన్నా, గొంతువాపు అన్నా ఊరు ఊరంతా తొండియార్‌పేట పేరు చెప్పేది.

ఇమ్యునోథెరపీ కథ మొదలైంది కూడా ఒక అంటురోగంతోనే. న్యూయార్క్‌లో విలియం కోలీ అనే సర్జన్ పాత కేసు కాగితాలు తిరగేస్తుంటే, మెడ మీద గడ్డ ఉన్న రోగి ఒకాయన కనిపించాడు. ఆయనకు చర్మం మీద సర్పి లాంటి బాక్టీరియా జ్వరం వచ్చి తగ్గేసరికి గడ్డ కూడా పోయింది. కోలీ ఆయన్ను వెతికి పట్టుకుని, ఏళ్ళ తర్వాతా ఆరోగ్యంగా ఉన్నాడని కళ్ళారా చూసుకున్నాడు. 1891లో కావాలనే క్యాన్సర్ రోగులకు ఆ బాక్టీరియాను ఎక్కించడం మొదలుపెట్టాడు. కొందరికి నయమైంది, కొందరు జ్వరానికే పోయారు. ఎందుకు నయమైందో చెప్పగల శాస్త్రం అప్పటికి లేదు.

బీసీజీ సంగతీ ఇంతే. 1948 నుంచి గిండీ లేబరేటరీలో తయారైన క్షయ టీకా. మా తరం పిల్లల భుజాల మీద మచ్చలు చాలావరకు దానివే. 1976లో కెనడాలో ఆల్వారో మొరాలెస్ దాన్ని మూత్రాశయం క్యాన్సర్ ఉన్న తొమ్మిది మందికి మూత్రాశయంలోకే ఎక్కించి చూశాడు. ఇవాళ్టికీ ఆ జబ్బు తొలిదశలో వాడే వైద్యాల్లో అదొకటి. పిల్లలకు ముందు భుజం మీద మచ్చ చూపించి మొదలుపెట్టాలి.

జూలై 30, బుధవారం

నీలాపు తొలి పేపర్లలో ఒకటి, 2005ది. అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థలో లారీ క్వాక్ బృందంతో చేసిన పని. ఎవరి గడ్డ నుంచి వాళ్ళకే టీకా తయారుచేశారు. రోగులకు అంతకుముందు ఇచ్చిన మందు వల్ల, రక్షణ కణాల్లో ఒక రకమైన బి-కణాలన్నీ తుడిచిపెట్టుకుపోయి ఉన్నాయి. అవి లేకపోతే టీకా పనిచేయదేమోనని సందేహం. టీ-కణాలు మాత్రం గడ్డను గుర్తుపట్టాయి.

ఆ జాతి టీకాలు మందుల షాపు దాకా రాలేదు. పోస్టర్‌లో వేసే విజయం కాదది. అయినా బి-కణాలు లేని ఒంట్లోనూ టీ-కణాలు పోరాడగలవని ఆ పని చూపించింది. కార్-టీ వైద్యంలో జరిగేది చూస్తే దీని విలువ తెలుస్తుంది. అక్కడ మనమే బి-కణాలన్నిటినీ, మంచివాటితో సహా, చంపిస్తాం. విఫలమైన మందు వెనుక నిలబడిన నిజం ఒకటి మిగిలింది. పరిశోధకుడి పనిలో ఇలాంటివే ఎక్కువ. చెప్పేవాళ్ళే తక్కువ.

ఆగస్టు 1, శుక్రవారం

కార్-టీ ఎలా చేస్తారో పిల్లలకు అర్థమయ్యేలా రాసుకున్నాను.

రోగి రక్తాన్ని యంత్రం గుండా పోనిచ్చి తెల్లకణాలు తీసుకుంటారు. అందులోంచి టీ-కణాలను లేబరేటరీకి పంపుతారు. అక్కడ, హాని చేయకుండా మార్చిన ఒక వైరస్ ద్వారా, వాటిలోకి కొత్త జన్యువును చేరుస్తారు. దాంతో టీ-కణం ఒంటిమీద కొత్త గ్రాహకం మొలుస్తుంది. బి-కణాల మీద సీడీ-19 అనే గుర్తు ఉంటుంది. ఆ గ్రాహకం సీడీ-19 ఉన్న కణాన్ని పట్టుకుంటుంది, చంపుతుంది. కణాలను పెంచి, రోగి బరువులో కిలోకు 20 లక్షల చొప్పున ఒకే సంచిలో పెట్టి, డ్రిప్ ఎక్కించినట్టు ఎక్కిస్తారు. ఎక్కించడం నిమిషాల పని. అసలు భయం ఆ తర్వాత.

ఒంట్లో టీ-కణాలు పెరుగుతుంటే రసాయనాలు ఉప్పెనలా విడుదలవుతాయి. జ్వరం, బీపీ పడిపోవడం, ఊపిరాడకపోవడం. 2012లో ఫిలడెల్ఫియాలో ఎమిలీ వైట్‌హెడ్ అనే ఆరేళ్ళ పిల్ల ఈ స్థితికే వచ్చింది. కార్ల్ జూన్ బృందం కీళ్ళవాతానికి వాడే టొసిలిజుమాబ్ ఇచ్చి బతికించింది. కొందరిలో మెదడు కూడా దెబ్బతింటుంది. తికమక, మాట తడబాటు, ఫిట్స్. జూమా-1లో నూటికి 28 మందికి ఈ మెదడు సమస్య తీవ్రంగానే వచ్చింది. దీన్ని ముందే కనిపెట్టాలి. ఎలా?

ఆగస్టు 2, శనివారం

నీలాపు మొదటి రచయితగా 2017లో మరో పెద్ద పేపర్ వచ్చింది. కార్-టీ దుష్ఫలితాలను ఎలా గుర్తించాలి, ఎప్పుడు ఏం చేయాలి అన్నది. అందులో పది మార్కుల పరీక్ష ఒకటుంది. ఎదురింటి అమ్మాయి బీఎస్సీ నర్సింగ్ మూడో ఏడు. సాయంత్రం డ్యూటీ నుంచి వస్తుంటే పిలిచి చూపించాను. నిలబడే చదివింది. "కూర్చోండి టీచరమ్మా, మీకే పెడతాను" అంది.

"ఇది ఏ సంవత్సరం? ఏ నెల? ఏ ఊళ్ళో ఉన్నారు?"

"తొండియార్‌పేట."

"పేపర్లో నగరం అని ఉంది. మావాళ్ళు తొండియార్‌పేట అన్నా మార్కు ఇవ్వాల్సిందే" అంది.

ఆసుపత్రి పేరు, దేశాధినేత పేరు. అక్కడికి ఐదు మార్కులు. తర్వాత గోడ గడియారం, చేతిలో పెన్ను, తన కోటు గుండీ చూపించి పేర్లు చెప్పమంది. మూడు. నూరు నుంచి పదేసి తగ్గిస్తూ వెనక్కి లెక్కపెట్టమంది. ఒకటి. చివరికి కాగితం ఇచ్చి వాక్యం రాయమంది. ఒకటి. ఆ పేపర్లో ఉదాహరణ వాక్యం అమెరికా జాతీయ పక్షి గురించి. "నెమలి మన జాతీయ పక్షి" అని రాశాను.

ఆ వాక్యమే నాకు ఆశ్చర్యం. కార్-టీ రోగి చేత రోజూ అదే వాక్యం రాయిస్తారు. మాట బాగానే ఉన్నప్పుడు, రోగికి తనలో తేడా తెలియకముందే, చేతిరాత చెడిపోవచ్చు. అక్షరాలు వంకరపోతాయి, గీత దాటుతాయి, మధ్యలో ఆగిపోతాయి. పదికి ఏడు నుంచి తొమ్మిది వస్తే మొదటి మెట్టు. మూడు నుంచి ఆరు వస్తే రెండోది. రెండుకు దిగితే ప్రమాదం ముదిరింది. మెట్టును బట్టి స్టెరాయిడ్ ఇవ్వడం, ఐసీయూకు మార్చడం.

కోట్ల రూపాయల జన్యు వైద్యానికి కాపలా ఒక కాగితం, ఒక పెన్ను, ప్రతి షిఫ్టులోనూ అడిగే సిస్టర్. "ఇది రేపే నేను చేయగలను టీచరమ్మా" అంది ఆ అమ్మాయి. ఆ పిల్లకు జన్యువుల సంగతి నాకు తెలిసినంతే తెలుసు. పరీక్ష మాత్రం పది నిమిషాల్లో ఆమె సొంతమైపోయింది.

ఆగస్టు 3, ఆదివారం

పొద్దున్నే ఆ అమ్మాయే వచ్చింది. "రాయడం రానివాళ్ళకు ఎలా?" అని. రాత్రంతా అదే ఆలోచించిందట.

మంచి ప్రశ్న. ఇక్కడ కాసిమేడు చేపల రేవులో, కొరుక్కుపేట సందుల్లో వేలిముద్ర వేసే పెద్దవాళ్ళు ఇంకా ఉన్నారు. మందు ఎక్కించకముందే ఆ మనిషి మామూలు స్థితి ఏమిటో రాసి పెట్టుకోవాలి, పోల్చాల్సింది దానితోనే అన్నాను. "అయితే ముగ్గు వేయిస్తాను. నాలుగు చుక్కల ముగ్గు. మా అమ్మమ్మకు సంతకం రాదు కానీ చెయ్యి తిప్పితే గీత వంకరపోదు" అంది.

ఇది వైద్యులు పరీక్షించి చూడాల్సిన సంగతి, మనం తేల్చేది కాదు. అయినా ఒక పద్ధతి సరైన చేతికి అందితే ఏమవుతుందో కళ్ళముందు చూశాను. ఆ పద్ధతి కూడా అక్కడే ఆగిపోలేదు. 2019లో అమెరికా నిపుణులు, నీలాపుతో సహా, దాన్ని సవరించారు. దేశాధినేత ప్రశ్న తీసేసి, చెప్పిన చిన్న పని చేయగలరా లేదా అన్నది చేర్చారు. ఎవరి పేపర్ అన్న పట్టింపు లేకుండా అందరూ కలిసి ఒకే కొలతకు వచ్చారు. అంతకుముందు ఒక ఆసుపత్రి లెక్క ఇంకో ఆసుపత్రికి సరిపోయేది కాదు.

ఆగస్టు 6, బుధవారం

డబ్బు సంగతి దాటేస్తే పిల్లలకు సగమే చెప్పినట్టు. జూమా-1లో వాడిన కార్-టీ మందుకు 2017 అక్టోబరులో అమెరికాలో అనుమతి వచ్చినప్పుడు ధర 3,73,000 డాలర్లు. మందుకే అంత. ఆసుపత్రి ఖర్చు వేరు.

మన దేశంలో బొంబాయి ఐఐటీ ఆచార్యుడు రాహుల్ పుర్వార్ బృందం, టాటా మెమోరియల్ డాక్టర్లు కలిసి సొంతంగా తయారుచేసిన కార్-టీకి 2023 అక్టోబరులో అనుమతి వచ్చింది. 2024 ఏప్రిల్ 4న రాష్ట్రపతి ద్రౌపది ముర్ము దాన్ని ప్రారంభించారు. ధర అమెరికా ధరలో పదో వంతు దాకా దిగింది. అయినా 30 లక్షలకు పైమాటే. తమిళనాడు ముఖ్యమంత్రి బీమా పథకంలో ఒక కుటుంబానికి ఏడాదికి 5 లక్షలు. ఈ రెండు అంకెల మధ్య ఉన్న దూరంలోనే మా పేట జనమంతా ఉన్నారు.

ఆగస్టు 9, శనివారం

వదిన దగ్గరికి వెళ్ళాను. బుగ్గ క్యాన్సర్ తిరగబెట్టింది. శనివారం శనివారం మాత్రలు వేసుకుంటుంది. డబ్బా మీద మెథోట్రెక్సేట్ అని ఉంది. మూడు వారాలకొకసారి నివొలుమాబ్ ఇంజెక్షన్, చిన్న మోతాదు. నోరు పుండు తగ్గింది, చారన్నం మింగుతోంది. "ఏమిటమ్మాయ్, ఈ మాత్రల డబ్బా అంతలా చూస్తున్నావు?" అంది.

చూడక ఏం చేయను? నివొలుమాబ్ నిన్నమొన్నటి మందు. టీ-కణం మీద పీడీ-1 అనే బ్రేకు ఉంటుందని కనిపెట్టినందుకు జపాన్‌కు చెందిన తసుకు హోంజోకు 2018లో నోబెల్ వచ్చింది. ఆ బ్రేకు పడకుండా చూసే మందు అది. ఆ పక్కనున్న మాత్ర మాత్రం 1940ల నాటిది. అమెరికాలో లెడర్లీ కంపెనీలో ఆ జాతి మందులు తయారుచేసిన బృందానికి నాయకుడు ఎల్లాప్రగడ సుబ్బారావు. భీమవరంలో పుట్టి, ఈ ఊళ్ళోనే, మద్రాసు మెడికల్ కాలేజీలో చదివినవాడు. ఖద్దరు వేసుకున్నందుకు ప్రొఫెసర్‌కు కోపం వచ్చి, ఎంబీబీఎస్ బదులు తక్కువ డిగ్రీతో బయటపడాల్సి వచ్చినవాడు. ఆయన బృందం ఇచ్చిన అమినోప్టెరిన్‌తోనే బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ రక్తక్యాన్సర్ పిల్లల్లో జబ్బును తాత్కాలికంగా వెనక్కి నెట్టగలిగాడు. ఫార్బర్ పేపర్ 1948 జూన్‌లో వచ్చింది. ఆగస్టులో సుబ్బారావు పోయాడు. మెథోట్రెక్సేట్ అమినోప్టెరిన్‌కు తమ్ముడు.

వదినకు ఇదంతా చెప్పాను. "మనవాడా!" అని డబ్బా చేతిలోకి తీసుకుంది.

ఆగస్టు 11, సోమవారం

వదినకిచ్చే ఆ జోడీ ఎవరికో తోచి రాసింది కాదు. టాటా మెమోరియల్‌లో విజయ్ పాటిల్, కుమార్ ప్రభాష్ బృందం తల, మెడ క్యాన్సర్ ముదిరిన 151 మంది మీద ప్రయోగం చేసింది. సగం మందికి మూడు రకాల మాత్రలు. వాటిలో ఒకటి మెథోట్రెక్సేట్. మిగతా సగానికి ఆ మాత్రలతోపాటు మూడు వారాలకొకసారి 20 మిల్లీగ్రాముల నివొలుమాబ్. మామూలుగా రెండు వారాలకు 240 ఇస్తారు. అంటే పన్నెండో వంతు మోతాదు, అదీ ఇంకా అరుదుగా. ఏడాది తర్వాత బతికున్నవాళ్ళు మాత్రలు మాత్రమే వాడిన గుంపులో 16.3 శాతం, రెండో గుంపులో 43.4 శాతం.

ఈ చిన్న మోతాదు ఆలోచనకు ఆధారం మొదటి ప్రయోగాల్లోనే ఉంది. తక్కువ మందుకే పీడీ-1 గ్రాహకాలు చాలావరకు నిండిపోతున్నాయని అప్పుడే కనబడింది. ధనిక దేశాల్లో ఆ గమనికను పక్కనపెట్టారు. మనవాళ్ళు దాన్ని తీసి, రోగుల మీద న్యాయంగా పరీక్షించి, అంకెలు ముందు పెట్టారు. కొత్త అణువు ఒక్కటి కూడా కనిపెట్టలేదు. ఎంతమందిని ఇంటికి పంపారో చూస్తే, ఇది నా దృష్టిలో గొప్ప పరిశోధన.

ఆగస్టు 14, గురువారం

సుబ్బారావు పేరుతో లోకం నిండా తిరిగింది మందు కాదు, ఒక పద్ధతి. 1925లో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి రాసిన ఫిస్క్-సుబ్బారావు పద్ధతి. రక్తంలో ఫాస్ఫరస్ ఎంతుందో రంగును బట్టి చెప్పడం. బీఎస్సీ ప్రాక్టికల్స్‌లో మేమూ చేశాం. పరీక్షనాళికలో ద్రావణాలు కలిపితే నీలం తేలుతుంది. ఎంత చిక్కని నీలమైతే అంత ఫాస్ఫరస్. ఆ పద్ధతి చేతిలో ఉండబట్టే ఆయన ఫాస్ఫోక్రియాటిన్ దగ్గరికీ, 1929లో ఏటీపీ దగ్గరికీ వెళ్ళగలిగాడు. ప్రపంచంలో ఎక్కువసార్లు ఉదహరించిన పాత పేపర్లలో అది ఒకటి. ఇక్కడ మాత్రం లెక్క, విలువ ఒకదానితో ఒకటి కలిశాయి.

ఒకరిది నీలం రంగు, ఇంకొకరిది పది మార్కుల కాగితం. మధ్యలో తొంభై ఏళ్ళు. ఇద్దరూ ఇచ్చింది ఎవరైనా నేర్చుకుని చేయగల పని. రెండోవాడి పేరు కూడా తెలియకుండా సిస్టర్లు రోజూ ఆ పని చేస్తున్నారు. ఆ తెలియకపోవడం ఆ పేపర్‌కు దక్కిన గౌరవమే అంటాను.

ఆగస్టు 16, శనివారం

కార్యదర్శిగారికి ఫోన్ చేశాను. పోస్టర్‌లో పేపర్ల సంఖ్య వేయవద్దన్నాను. "మరేం వేయమంటారు?" అన్నారు. మూడు పంక్తులు చెప్పాను.

చాలామంది ఏడాదిలోపే పోయే జబ్బులో నూటికి నలభై మందికి పైగా ఐదేళ్ళు బతికారు. ఆ వైద్యం రోగిని చంపకుండా కాపాడే పరీక్షను మన వీధి నర్సింగ్ అమ్మాయి మీకు చేసి చూపిస్తుంది. మద్రాసులో చదివిన తెలుగువాడి పేరుతో ముడిపడ్డ మాత్ర ఇవాళ కొత్త ఇమ్యునోథెరపీ పక్కన నిలబడి పనిచేస్తోంది.

"బాగుందమ్మా. మూడోది పైన పెడతాను, పెద్దవాళ్ళు కూడా వస్తారు" అన్నారు.

పెద్దవాళ్ళు రావాలనే నా కోరిక కూడా. పిల్లలకు శాస్త్రం చెబుతాను. పెద్దవాళ్ళకు ఒక మాట ప్రత్యేకంగా చెప్పాలి. నోట్లో మానని పుండు, మెడలో తగ్గని గడ్డ ఉంటే నెల తిరక్కుండా ఆసుపత్రికి వెళ్ళాలి. జబ్బు తిరగబెట్టినా డబ్బు లేదని ముందే ఆగిపోకుండా, చిన్న మోతాదు నివొలుమాబ్ తమకు పనికొస్తుందా అని డాక్టర్‌ను నోరు తెరిచి అడగాలి. పరిశోధకులు తమ వంతు రాసి పెట్టారు. దాన్ని అడిగి తెచ్చుకోవడం మన వంతు.

వదిన కూడా వస్తానంది, మాత్రల డబ్బా పట్టుకుని. ముందు వరుసలో కుర్చీ వేయమని చెప్పాను.